మత్తు ఇచ్చి కాపు కాసిన డాక్టరమ్మ

మౌలాలి నుంచి కోఠికి వెళ్తే సుల్తాన్‌బజార్ ఆసుపత్రి చూసే ఉంటారు. ఒకప్పుడది బ్రిటిష్ రెసిడెన్సీ ఆసుపత్రి. అక్కడ రోగులకు క్లోరోఫాం ఇచ్చింది డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా పేరు.

ఆమె 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చేరారు. క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరా, గుండెా అన్నది అప్పట్లో పెద్ద వివాదం. ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ చొరవతో 1888, 1889లో ఇక్కడే రెండు కమిషన్లు జంతువులపై ప్రయోగాలు చేశాయి. ఊపిరినే గమనించమన్నాయి. గుండె కూడా హఠాత్తుగా ఆగొచ్చని తర్వాత తేలింది.

మత్తు వైద్యానికి ప్రత్యేక కోర్సు లేదు. అయినా ఆమె ఆగలేదు. పనికొస్తాయని 1909లో ఎడిన్‌బరో వెళ్లి ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివారు.

ఇప్పుడు మానిటర్లున్నాయి. అయినా తుంటి విరిగిన పెద్దాయనకు ఆపరేషన్ చేసేటప్పుడు బీపీ బాగా పడిపోతే మెదడుకు, గుండెకు, కిడ్నీలకు రక్తం చాలదు. అందుకే మత్తు డాక్టరు, పక్కనే అనస్థీషియా టెక్నీషియన్ కన్నార్పకుండా చూస్తుండాలి. మీరు వెతికే ఉద్యోగాల్లో ఇదీ ఒకటి. కోర్సు లేని రోజుల్లోనే ఆమె నేర్చుకున్నారు. ఇప్పుడు కోర్సులున్నాయి, మరి మీరు?