మొక్కల వైద్యుడు జార్జి వాషింగ్టన్ కార్వర్

పెరటిలో నాలుగు మొక్కలు పెంచుకొనువారి కెవ్వరికైనను ఏదో యొకనాడు సందేహము కలుగక మానదు. గులాబి ఆకులపై నల్లని మచ్చలు ఏల వచ్చినవి? టమాటా పూత నిలువక ఏల రాలిపోవుచున్నది? నిన్నటి దాక నవనవలాడిన మల్లె నేడు ఏల వాడిపోయినది? చూచుటకు ఇవి చిన్న ప్రశ్నలే. కాని అడుగువానికి అవి చిన్నవి కావు. తెలిసినవా డొకడు పొరుగున నుండి, రుసుము కోరక, విసుగు చెందక బదులు చెప్పినచో ఆ ఊరికి అంతకన్న భాగ్యము లేదు. బాల్యమున అట్టి పొరుగువాడై, సుమారు డెబ్బది సంవత్సరములు అదే పని చేసి కన్నుమూసిన మహనీయుడు జార్జి వాషింగ్టన్ కార్వర్. లోకము ఆయనను వేరుశెనగ శాస్త్రజ్ఞుడుగా ఎరుగును. ఆయన జీవితమును మొదటి నుండి చూచినవారికి మాత్రము ఆయన ముందుగా ఒక మొక్కల వైద్యుడు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిస్సోరీ రాష్ట్రమున, డైమండ్ గ్రోవ్ అను పల్లె చెంత, మోజెస్ కార్వర్ అను రైతు పొలములో 1864 ప్రాంతమున జార్జి జన్మించెను. జన్మదిన మెవ్వరును వ్రాసి యుంచలేదు. తల్లి మేరీ ఆ రైతునకు బానిస. బానిస బిడ్డ పుట్టిన తేదీతో ఎవరికిని పని లేని కాలమది. అంతర్యుద్ధపు అలజడిలో దోపిడిమూకలు వచ్చి తల్లిని, పసిబిడ్డను ఎత్తుకొనిపోయినవి. మోజెస్ వారిని వెదకుటకు ఒక మనిషిని పంపెను. బిడ్డ దొరికెను, తల్లి దొరకలేదు. బిడ్డను తెచ్చినవానికి ప్రతిఫలముగా మోజెస్ ఒక గుఱ్ఱము నిచ్చె నని చెప్పుదురు. ఒక గుఱ్ఱమునకు మారకముగా తిరిగివచ్చిన ఆ శిశువు తల్లి ముఖమును మరల చూడలేదు.

1865లో బానిసత్వము తొలగెను. మోజెస్, అతని భార్య సుసాన్, జార్జిని, అతని అన్న జిమ్‌ను తమ యింటనే పెంచిరి. జార్జి పుట్టుకతో బలహీనుడు. కోరింత దగ్గు వంటి వ్యాధులు అతనిని పీడించినవి. పొలము పనికి చాలనందున సుసాన్ అతనికి వంట, కుట్టుపని, బట్టలుతుకుట నేర్పెను. ఆ పనులు ముగిసిన పిమ్మట బాలుడు అడవిలోనికి పోయెడివాడు. నవ్వుదురను భయముచే ఎవరికంట పడకుండ పొదల మాటున ఒక చిన్న తోట వేసికొనెను. అడవిమొక్కలను తెచ్చి నాటుట, వాడిపోవు దానిని నీడకు మార్చుట, పురుగు పట్టిన కొమ్మను త్రుంచుట, ఏ మొక్కకు ఎట్టి మన్ను గిట్టునో చూచుట - ఇదియే అతని తొలి పాఠశాల. క్రమముగా ఇరుగు పొరుగు స్త్రీలు జబ్బుపడిన పూలమొక్కలను అతని వద్దకు తెచ్చుట ప్రారంభించిరి. అక్షరములు సరిగా రాని ఆ నల్లజాతి పిల్లవానిని ఊరివారు మొక్కల డాక్టరని పిలిచిరి. పిదప ఎన్ని బిరుదములు వచ్చినను, ఆయన మొదటి బిరుదము ఇదియే.

ఊరిలోని పాఠశాల తెల్లవారి పిల్లలకే. నల్లజాతి పిల్లల పాఠశాల కొన్ని మైళ్ళ దూరమున నియోషో పట్టణములో నుండెను. జార్జి పది పన్నెండేండ్ల వయస్సున ఇల్లు విడిచి అచటికి నడచిపోయెను. మరియా వాట్కిన్స్ అను మంత్రసాని, ఆమె భర్త అతనికి ఆశ్రయ మొసగిరి. అంతవరకు తాను కార్వరు గారి జార్జినని చెప్పుకొనుచుండిన బాలునికి, ఇకమీదట తన పేరు జార్జి కార్వర్ అని చెప్పుకొనవలెనని నేర్పినది ఆ తల్లియే. ఒకరి సొత్తుగా నుండిన పేరు ఆనాటి నుండి తనదైనది.

చదువు కొరకు అతడు కాన్సాస్ రాష్ట్రమున ఊరూరు తిరిగెను. బట్టలుతికి, వంటచేసి పొట్ట పోసికొనెను. 1879లో ఫోర్ట్ స్కాట్ పట్టణమున ఒక నల్లజాతివానిని జనులు గుంపుగూడి చంపుట కన్నులార చూచి, ఆ ఊరు విడిచెను. ఆ దృశ్యము జీవితాంతము ఆయనను వెన్నాడెను. ఉన్నత పాఠశాల ముగించి హైలాండ్ కళాశాలకు దరఖాస్తు పంపగా ప్రవేశము లభించెను. తీరా వెళ్ళి నిలువగా, మేనిరంగు చూచి అధికారులు త్రిప్పిపంపిరి. 1886లో నెస్ జిల్లా యెడారి వంటి మైదానమున కొంత భూమి సంపాదించి, మట్టిగడ్డలతో గుడిసె కట్టుకొని సేద్యము చేసెను. ఆ గాలివానల మధ్య సైతము గుడిసెలో పూలమొక్కలను పెంచుట మానలేదు.

1890లో అయోవా రాష్ట్రములోని సింప్సన్ కళాశాల ఆయనను చేర్చుకొనెను. అచట ఆయన నేర్వబోయినది చిత్రలేఖనము. ఆ విద్య గరపిన ఎట్టా బడ్ అను ఉపాధ్యాయిని, ఆతని బొమ్మలలోని పూవులను, ఆతడు తెచ్చి చూపిన మొక్కలను పరిశీలించి, చిత్రములతో నల్లజాతి యువకునికి జీవనము గడవదని తలచి, వ్యవసాయ విద్య వైపు త్రిప్పెను. ఆమె తండ్రి ఏమ్స్ పట్టణములోని వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్ర ఆచార్యుడు. 1891లో కార్వర్ ఆ కళాశాలకు మొట్టమొదటి నల్లజాతి విద్యార్థి యయ్యెను. 1894లో పట్టము, 1896లో ఉన్నత పట్టము పొందెను. శిలీంధ్రములను, మొక్కల తెగుళ్ళను గుర్తించుటలో ఆయనకు గల నేర్పు గురువులనే ఆశ్చర్యపరచెను. చిత్రకళయు వ్యర్థము కాలేదు. ఆయన వ్రాసిన యుక్కా మొక్క చిత్రము 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనమున గౌరవ ప్రశంస నందెను. ఆ దినములలో ఒక ఆచార్యుని పిల్లవాడు ఆయన వెంట పొలములు తిరిగి మొక్కల పేర్లు నేర్చుకొనుచుండెడివాడు. ఆ బాలుడే పిదప అమెరికా ఉపాధ్యక్షుడైన హెన్రీ వాలెస్.

ఏమ్స్‌లో ఆయనకు బోధకుని పదవి లభించెను. హరితగృహము, సూక్ష్మదర్శినులు, గౌరవము, అన్నియు నుండెను. అట్టి సమయమున, 1896లో, అలబామా రాష్ట్రమునందలి టస్కెగీ విద్యాలయ స్థాపకుడు బుకర్ వాషింగ్టన్ ఆయనను ఆహ్వానించెను. బానిసత్వము నుండి వెలువడిన జనుల కొరకు 1881లో నెలకొల్పబడిన ఆ విద్యాలయమున ప్రయోగశాల యనునది లేదు. కార్వర్ వెళ్ళెను. చెత్తకుప్పలలోని సీసాలు, పాత గిన్నెలు, దీపములు ఏరించి శిష్యులచే ప్రయోగశాల నిర్మింపజేసెను. మరుసటి సంవత్సరము ప్రభుత్వము ఒక ప్రయోగక్షేత్రము మంజూరు చేసి, దానికి ఏటేట 1,500 డాలర్లు మాత్రము కేటాయించెను. ధనము లేనిచోట ఏమి చేయనగునో కనుగొనుటయే ఇక ఆయన శాస్త్ర మయ్యెను.

చుట్టుప్రక్కల నేల తరతరములుగా ప్రత్తి పండించి పండించి సారము కోల్పోయినది. వానకు పై మన్ను కొట్టుకొనిపోయి గండ్లు పడినవి. పప్పుజాతి మొక్కల వేళ్ళపై గల బుడిపెలలో సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. వరికోత పిమ్మట మినుము, పెసర చల్లు మన రైతున కిది అనుభవైకవేద్యము. కార్వర్ అలసందలను, వేరుశెనగను ప్రత్తితో మార్చి మార్చి వేయుమని బోధించెను. ఎరువు కొన లేనివానికి అడవిలోని రాలుటాకులు, చిత్తడినేలల నల్లమన్ను, పశువుల పేడ కలిపి కుళ్ళబెట్టు విధానమును చూపెను. చిలగడదుంప, టమాటా, ఆకుకూరలు ఇంటి వెనుక పెంచినచో పిల్లలకు జబ్బులు తగ్గునని తల్లులకు నచ్చజెప్పెను. ఆ జిల్లాలోని రంగుమట్టితో ఇంటిగోడలకు పూత పూయుట సైతము నేర్పెను.

ఇవి పుస్తకములలో వ్రాసి భద్రపరచిన విషయములు కావు. నెల నెలకు రైతుల సభ జరిగెడిది. వారు తెగులు సోకిన ఆకులను, పురుగు తొలిచిన కాయలను, సంచులలో మన్నును తెచ్చి ఆయన ముందుంచెడివారు. సభకు రాలేనివారి కొరకు 1906లో, న్యూయార్కు దాత మోరిస్ జెసప్ ద్రవ్యసహాయముతో, పనిముట్లు, విత్తనములు, నమూనాలు నింపిన గుఱ్ఱపు బండి యొకటి సిద్ధమయ్యెను. కార్వర్ శిష్యుడు థామస్ కాంప్‌బెల్ దానిని పల్లె పల్లెకు నడపెను. విద్యాలయము రైతుగడపకు పోయిన మొదటి బండ్లలో అది యొకటి. చదువు వచ్చినవారికి తేలిక మాటలలో చిన్న పుస్తకములు వ్రాసెను. 1898 మొదలు వెలువడిన అట్టివి నలుబదికి పైగా కలవు. వేరుశెనగ పెంపకమును, దానితో చేయదగిన 105 వంటకములను తెలుపు 1916 నాటి పుస్తక మందు ప్రసిద్ధము.

ఈ కథను విజయగాథగా మాత్రమే చెప్పినచో సత్యమునకు లోప మగును. ఆ రైతులలో అధికులు పాలికాపులు. భూమి వారిది కాదు. భూస్వామి ప్రత్తియే వేయుమనును. దుకాణదారు పండబోవు ప్రత్తిని తాకట్టు పట్టి అప్పిచ్చును. ప్రత్తి మానుమను సలహా ఎంత మంచిదైనను, మానుటకు స్వేచ్ఛ లేనివాడేమి చేయగలడు? కార్వర్ దీనిని ఎరుగకపోలేదు. కనుకనే ఆయన సలహాలు పొలము కన్న పెరటి వైపు ఎక్కువగా మొగ్గినవి. పొలము దొరది యైనను, గుడిసె వెనుకటి జానెడు చోటు కూలివానిది. అచట పండిన కూరకు అప్పువాడు లెక్క వ్రాయడు. అన్యాయపు వ్యవస్థను ఆయన ఎదిరింపలేదని ఆక్షేపించువారు కలరు. ఆ మాటలో కొంత న్యాయము కలదు. కాని ఆకలిగొన్న యింటికి ఆ సాయంకాలమే అక్కరకు వచ్చు విద్య నిచ్చిన వారిలో ఆయన అగ్రగణ్యుడు. కార్యాలయ వ్యవహారములలో మాత్రము నేర్పరి కాడు. విద్యాలయపు కోళ్ళశాల నిర్వహణమున విఫలుడై బుకర్ వాషింగ్టన్‌చే మందలింపులు పడెను. పలుమారులు రాజీనామా చేయబూనెను.

1921లో అమెరికా ప్రతినిధి సభ సంఘము ముందు వేరుశెనగ సుంకమును గూర్చి మాటలాడుటకు ఆయనకు పది నిమిషములు ఇచ్చిరి. సభ్యులలో కొందరు ప్రారంభమున ఎగతాళి చేసిరి. ఆయన చలింపక, పెట్టె తెరచి వేరుశెనగతో చేసిన వస్తువుల నొక్కొక్కటిగా చూపసాగెను. సభ్యులే వ్యవధిని మరల మరల పొడిగించిరి. నాటితో ఆయన కీర్తి దేశమంతట వ్యాపించెను. కీర్తితో పాటు కట్టుకథలును వ్యాపించినవి. వేరుశెనగ వెన్నను కనిపెట్టినది ఆయన యనుట నిజము కాదు. ఆయన తెలిపిన వందలాది ఉపయోగములలో వ్యాపారమున నిలిచినవి మిక్కిలి తక్కువ. ఆయన పొందిన పేటెంటులు మూడే. ఈ లెక్క చూచి ఆయనను తక్కువ చేయువారు, అసలు లెక్కను మరచుచున్నారు. దినదినము వచ్చు ఉత్తరములలో తమ మొక్కలను గూర్చి అడిగిన అపరిచితులకు ఆయన వ్రాసిన జవాబుల సంగతి యేమి? ఆ జవాబులకు ఆయన రుసుము పుచ్చుకొనలేదు.

మన దేశముతోను ఆయనకు సంబంధము కలదు. దీనబంధు ఆండ్రూస్ మూలమున గాంధీమహాత్మునితో పరిచయ మేర్పడగా, శాకాహారులకు బల మొసగు ఆహారమును గూర్చి ఆయన మహాత్మునకు సూచనలు వ్రాసి పంపెను. బడుగు కూలివాని పళ్ళెమునకు పుష్టి చేకూర్చుట ఇరువురకును సమానమైన చింత. అనంతపురపు మెట్టచేలలో వేరుశెనగ వేయు మన రైతులకు కార్వర్ పేరు తెలియకపోవచ్చును. కాని వానదేవుని నమ్మి ఒకే పైరుపై బ్రతుకు మోపుటలోని ఆపద వారికి తెలిసినంత మరెవ్వరికి తెలియును?

తెల్లవారక మున్నే లేచి అడవిలో తిరుగుట, నిత్యము కోటుకు ఒక పూవు తగిలించుకొనుట ఆయన అలవాట్లు. వివాహమాడలేదు. కూడబెట్టిన ధనమును 1940లో స్థాపితమైన పరిశోధన నిధికి ఒసగెను. 1943 జనవరి 5వ తేదీన టస్కెగీలో మరణించెను. బుకర్ వాషింగ్టన్ సమాధి చెంతనే ఆయనను ఖననము చేసిరి. ఆ సంవత్సరమే ఆయన పుట్టిన పొలమును అమెరికా ప్రభుత్వము జాతీయ స్మారకముగా ప్రకటించెను. వెల గట్టి కొనబడిన బిడ్డ తిరిగిన నేల జాతి సొత్తయ్యెను.

1914లో అమెరికా శాసనము చేసి వ్యవసాయ విస్తరణ సేవను దేశమంతట నెలకొల్పెను. 1970 దశకపు ఆరంభమున వాషింగ్టన్ రాష్ట్రమున మరియొక వింత జరిగెను. పట్టణవాసుల పెరటి ప్రశ్నలకు బదులు చెప్పుటకు ఉద్యోగులు చాలకపోగా, విశ్వవిద్యాలయము తోటపనియం దాసక్తి గలవారికి శిక్షణ నిచ్చి, ప్రతిగా వారు పొరుగువారికి ఉచితముగా సలహా లొసగవలెనని నియమము పెట్టెను. ఆ పద్ధతి నేడు అనేక రాష్ట్రములలో సాగుచున్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, తెగులు పట్టిన ఆకును చేత బట్టుకొని నిలిచిన ఒక గృహిణి, ఆ ఆకును వెలుతురున కెత్తి చూచు ఒక స్వచ్ఛంద సేవకుడు - ఆ శాల లోని సామగ్రి ఇంతే. డైమండ్ గ్రోవ్ పొదల మాటున ఒక అనాథ బాలుడు నడపిన వైద్యశాలలో ఈ పాటి బల్ల, కుర్చీలు సైతము లేవు. ఆకును వెలుతురున కెత్తి చూచు ఓర్పు మాత్రము అచటను ఇదియే.