పది వ్రేళ్ళ ముద్ర

దాదా అబ్దుల్లా అను వర్తకుని వ్యాజ్యం నిమిత్తమై 1893 మే నెలలో డర్బన్ రేవున దిగిన మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ ఒక్క ఏడాదిలో మరలిపోదలచారు. ఆ దేశాన్ని శాశ్వతంగా విడిచినది 1914 జూలైలో. రైలుపెట్టె నుండి ఆయనను త్రోసివేసిన ఉదంతం మన విద్యార్థులకు సుపరిచితమే. జొహానెస్‌బర్గులోని పర్మిట్ ఆఫీసు ఉదంతం అంతగా తెలియదు.

ట్రాన్స్‌వాల్‌లో నాడు సుమారు 13,000 మంది భారతీయులుండేవారు. 1906 ఆగస్టులో ప్రకటితమైన శాసనపు ముసాయిదా ప్రకారం, ఎనిమిదేండ్లు నిండిన ప్రతి ఆసియావాసి, స్త్రీలతో సహా, పేరు నమోదు చేయించుకొని, పది వ్రేళ్ళ ముద్రలు వేసి, పత్రం పొందాలి. పోలీసు అడిగినప్పుడెల్లా దానిని చూపాలి. లేనివారికి జరిమానా, ఖైదు, దేశబహిష్కారం. మన దేశంలో సంతకం రానివాడు బొటనవ్రేలి ముద్ర వేస్తాడు. నాడు పదివ్రేళ్ళ ముద్రలు తీసుకొనేది నేరస్థుల వద్ద. గాంధీజీ హృదయాన్ని గాయపరచినది ఈ భేదమే.

ఆ సెప్టెంబరు 11న ఎంపైర్ నాటకశాలలో జరిగిన మహాసభలో సేఠ్ హాజీ హబీబ్ లేచి, దైవసాక్షిగా ఈ చట్టానికి లొంగరాదన్నాడు. తీర్మానాలకు అలవాటుపడిన గాంధీజీ ఆ మాటకు ఉలిక్కిపడ్డారు. దైవం పేర చేసిన ప్రతిజ్ఞ తప్పరానిదని సభకు విడమరచి చెప్పిన పిదప అందరూ ప్రమాణం చేశారు. 1907లో చట్టం వచ్చింది. గడువు ముగిసేనాటికి పేరు వ్రాయించుకొన్నవారు అయిదువందలు మాత్రమే.

1908 జనవరిలో గాంధీజీకి రెండు నెలల శిక్ష పడింది. మాసాంతంలోనే జనరల్ స్మట్స్‌తో రాజీ కుదిరింది: భారతీయులు స్వచ్ఛందంగా నమోదైతే చట్టం రద్దవుతుందని గాంధీజీ గ్రహించిన అర్థం. ఈ షరతు వ్రాతలో లేకపోవడం న్యాయవాదియైన ఆయన పొరపాటేనని చెప్పక తప్పదు. నిన్నటివరకు వద్దన్న వ్రేలిముద్రను నేడు స్వయంగా వేయమంటే జనం ఎట్లు నమ్ముతారు? పదిహేనువేల పౌనులకు అమ్ముడుపోయాడని ఒక పఠాను సభలోనే నిందించాడు.

ఫిబ్రవరి 10న గాంధీజీ అందరికంటె ముందుగా ఆఫీసుకు బయలుదేరారు. దారిలో మీర్ ఆలం అడ్డగించాడు. అతడు పరుపుల వ్యాపారి, గాంధీజీ సలహాలు పొందిన కక్షిదారే. లాఠీదెబ్బకు గాంధీజీ స్పృహతప్పి పడిపోయారు. తెలివి వచ్చాక, డోక్ అను క్రైస్తవ బోధకుని ఇంట రిజిస్ట్రారు చామ్నీని కాగితాలతో రప్పించుకొని, పడకపైననే ముద్రలు వేశారు. కొట్టినవానిపై అభియోగం వద్దన్నారు.

చట్టం రద్దు కాలేదు. 1908 ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో ఇనుప గంగాళం నిలిపి, రెండువేలకు పైగా పత్రాలు అందులో వేసి, కిరసనాయిలు పోసి నిప్పంటించారు. అంతకుముందే, తాను పొరపడ్డానని ఒప్పుకొంటూ మీర్ ఆలం సభలో లేచాడు. క్రొత్త పత్రం అతడు తీసుకోనేలేదు. తన పాత పర్మిటును తగులబెట్టమని అప్పగించాడు. గాంధీజీ అతని చేయి పట్టుకొన్నారు.