పేగుల రోగం నుంచి క్యాన్సర్ మందు దాకా: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

వారం వారం మనకిచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అందరికీ తెలిసిందే. అందులో ఐరన్‌తో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటది. దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన తెలుగువాడే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పేదరికం. పదమూడేండ్లప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని ఇల్లు విడిచి పారిపోతే, తల్లి వెంకమ్మ పట్టుకొచ్చింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. (పరీక్ష పోయిందని అన్నం మానేసేటోళ్లు ఇది రెండుసార్లు చదవండి!) మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు బట్టలు వేసుకున్నందుకు ప్రొఫెసరుకు కోపమొచ్చింది. చివరకు ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టా ఇచ్చారు.

అంతకన్న పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాతో చనిపోయారు. రోగం పేరు స్ప్రూ. మన పెద్దలు చెప్పే సంగ్రహణి లాంటిది. విరేచనాలు ఆగవు. తిన్న తిండిని పేగులు పీల్చుకోలేవు, మనిషి నెత్తురు లేక ఎండిపోతడు. తర్వాత అదే రోగం ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికారు.

తర్వాత అమెరికాలోని బోస్టన్‌కు చదువుకు పోయారు. ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. హార్వర్డ్‌లో పేరు తెచ్చుకొని 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది. ఇది పుంటికూర, పాలకూర, పప్పులలో ఉంటుంది. మన పేగుల్లోని బ్యాక్టీరియా కూడా కొంత తయారుచేస్తాయి. ఆయన నడిపిన ప్రయోగశాలల నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అది టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. ఇప్పుడు స్ప్రూ వస్తే డాక్టర్లు ఇచ్చేది ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్! అన్నదమ్ములను మింగిన రోగానికి రెండు మందులూ ఆ చోటునుంచే వచ్చాయి. మన దిక్కు బోదకాలుకు పంచిన డి.ఇ.సి. మాత్రలూ ఆయన బృందానివే.

ఇంకో వింత ఉంది. నెత్తురు క్యాన్సర్ కణాలు పెరగడానికి కూడా ఫోలిక్ ఆమ్లం కావాలి. అందుకని దానిలాగే కనిపించి కణాన్ని మోసగించే అమినోప్టెరిన్‌ను ఈ బృందం చేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి గుణం కనిపించింది. కొన్నాళ్లకే రోగం మళ్లీ తిరగబెట్టింది గాని, అంతకుముందు ఆ మాత్రం ఆశ కూడా లేదు. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. భార్య శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూశారు, ఆయన మళ్లీ ఇండియాకు రానేలేదు.

దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సర్ పిల్లలకు ఇస్తున్నారు. పేగుల లోపలి పొర కణాలు కూడా త్వరత్వరగా పుడతాయి కాబట్టి ఆ మందు వాటినీ దెబ్బతీస్తుంది, నోట్లో పుండ్లు, విరేచనాలు వస్తాయి. పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియా ఆ మందునే మార్చేస్తాయని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఎవరి పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఉన్నాయో చూసి మందు ఇవ్వగలమా అని పరిశోధనలు సాగుతున్నాయి.