ఫ్రాంక్లినుగారి చిన్న పుస్తకము

బెంజమిన్ ఫ్రాంక్లిను 1706వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరమందు, సబ్బులును క్రొవ్వొత్తులును జేయువాని యింట జనించెను. పదియవ యేట బడి మానెను. పండ్రెండవ యేట అన్నగారి అచ్చుకూటమునఁ బనికిఁ గుదిరెను. 1723లో అన్నతోఁ గలహించి ఫిలడెల్ఫియాకుఁ బాఱిపోయి, కొన్నియేండ్లలో సొంత అచ్చుకూటము స్థాపించెను. మెఱుపునుగూర్చి ఆయన చేసిన పరిశోధనలు చదువరు లెఱిఁగినవే. మేము ఆయన చిన్న పుస్తకమునుగూర్చి చెప్పఁదలఁచితిమి.

మితాహారము, మౌనము, క్రమము, న్యాయము మున్నగు పండ్రెండు సుగుణములను అందు వ్రాసికొని, వారమున కొక్కదానిపై దృష్టి నిలిపి, తన తప్పులకు నల్లచుక్కలు పెట్టుచుండెను. లోకులు నిన్ను గర్వి యనుకొనుచున్నారని యొక మిత్రుఁడు తెలుపఁగా, కోపింపక, వినయమును పదుమూఁడవదిగాఁ జేర్చెను. ఈ సంగతి మాకు మిక్కిలి నచ్చినది. క్రమము మాత్ర మాయనకు ముదిమివఱకు నలవడలేదు. ఆ మాటయు స్వీయచరిత్రమున దాఁపక వ్రాసెను.

అయినను ఆ చుక్కల కందని తప్పొకటి యుండెను. ఆయన యింట బానిస లుండిరి. ఆయన నడపిన పత్రికయందు బానిసల విక్రయ ప్రకటనలు పడుచుండెను. న్యాయము పట్టికలోనే యున్నది గదా! దీనిఁ దెలిసికొనుటకు ఆయనకుఁ జాలకాలము పట్టెను. 1787లో పెన్సిల్వేనియా దాస్యనిర్మూలన సంఘమున కధ్యక్షుఁడయ్యెను. 1790 ఫిబ్రవరియందు, ఎనుబదినాలుగేండ్ల ప్రాయమున, దాస్యమును మాన్పవలసినదని కాంగ్రెసు సభకు విన్నపము పంపెను. సభవారు తమ కధికారము లేదనిరి. ఆ యేఁటనే ఏప్రిలు 17వ తేదిని ఆయన మృతినొందెను.