పరదేశములో స్వగ్రామపు రాగము

దేవాలయములో ఆర్గన్ వాయించువారిని మనము అంతగా గమనింపము. 1893వ సంవత్సరపు వేసవిలో అమెరికాలోని ఒక చిన్న పల్లె దేవాలయమున ఆర్గన్ వద్ద కూర్చున్న అతిథి మాత్రము లోకప్రసిద్ధుడైన స్వరకర్త. ఆయనే ఆంటోనిన్ ద్వోర్జాక్.

ఆయన 1841 సెప్టెంబరు 8న బొహీమియా దేశమందు, ప్రేగ్ నగరమునకు సమీపమున నెలాహొజెవెస్ గ్రామములో జన్మించెను. తండ్రి మాంసపు వర్తకుడు. పూటకూళ్ల యిల్లు కూడ నడిపెడివాడు. 1874 నుండి మూడేండ్లు ద్వోర్జాక్ ప్రేగ్‌లోని ఒక దేవాలయమున ఆర్గన్ వాయించి స్వల్ప జీతముతో సంసారము నడిపెను. 1875, 1877 సంవత్సరములలో ముగ్గురు బిడ్డలను పోగొట్టుకొనెను. ఆ దుఃఖములోనే, సిలువయొద్ద నిలిచిన మరియమ్మ వేదనను గూర్చిన తన గొప్ప సంగీతమును ముగించెను.

1892లో న్యూయార్కు సంగీత విద్యాలయమునకు అధిపతిగా పిలువబడెను. ఏడాదికి 15,000 డాలర్ల జీతము. అయినను నలుగురు చిన్నబిడ్డలు స్వదేశముననే ఉండిరి. ఆయన మనస్సు విసోకా గ్రామమందలి తన తోటమీదను, పెంచుకొన్న పావురముల మీదను ఉండెను.

మరుసటి వేసవిలో ఆ బిడ్డలు అమెరికా చేరిరి. అందరును కలసి, అయోవా రాష్ట్రములో చెక్ వలసదారులు స్థిరపడిన స్పిల్‌విల్ గ్రామమునకు వెళ్లిరి. అక్కడ వీధిలో స్వభాష వినబడెను. ఉదయమున ఏటిగట్టున నడచి పక్షుల కూతలు వినుట, పిమ్మట దేవాలయములో ఆర్గన్ వాయించుట ఆయన నిత్యకృత్యమాయెను. గ్రామము దాటినంతనే కనుచూపుమేర పరచుకొన్న నిర్జన మైదానములు మాత్రము ఆయనకు దిగులు పుట్టించెను.

ఆ సంతోషమును, ఆ దిగులును రెండును సంగీతమాయెను. జూన్ 8న మొదలిడి, మూడు దినములలో చిత్తుప్రతి వ్రాసి, 23వ తేదీకి ఒక కృతిని పూర్తిచేసెను. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో అను నాలుగు వాద్యములకే అది కూర్పబడెను. మూడవ భాగములో అక్కడ విన్న ఒక పక్షి కూతను పొదిగెను. 1894 జనవరి 1న బోస్టన్‌లో అది తొలిసారి వినిపింపబడెను.

అదే సంవత్సరము మార్చిలో, న్యూయార్కులో పది బైబిలు గీతములు వ్రాసెను. బబులోను నదులయొద్ద ఏడ్చిన చెరవారి 137వ కీర్తనయు వాటిలో ఉన్నది. ఆ నెలలోనే తండ్రి స్వదేశమున మరణించెను. కుమారుడు సముద్రమునకు ఈవల ఉండిపోయెను.

1895లో ఆయన ఇల్లు చేరెను. ఆ యేటి చివరనే మరి రెండు నాలుగు వాద్యముల కృతులను ముగించెను. 1904 మే 1న ప్రేగ్‌లో కన్నుమూసెను. స్పిల్‌విల్‌లో ఆయన గడిపినది ఒక్క వేసవియే. ఆ వేసవిలో పుట్టిన సంగీతము నేటికిని లోకమంతట వినబడుచున్నది.