ఆధారమడిగిన పంతులుగారు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే వ్యావహారిక భాషా వివాదము జ్ఞప్తికి వస్తుంది. వారు చిన్న తరగతుల బడిపంతులుగా జీవితము ప్రారంభించినారన్న సంగతి మాత్రము పలువురికి మరపున పడినది.

1863 ఆగస్టు 29న వంశధారా తీరమందలి పర్వతాలపేటలో ఆయన జన్మించినారు. బాల్యముననే తండ్రిని పోగొట్టుకొని, విజయనగరములో గురజాడ అప్పారావుగారికి సహాధ్యాయిగా చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. ఆ చుట్టుప్రక్కల కొండలలో నివసించే సవరల భాషకు అప్పటికి లిపి లేదు. తెలుగు, సవర రెండును వచ్చిన ఒకనిని ఇంట నుంచుకొని, విని, వ్రాసికొని, పంతులుగారు ఆ భాష నేర్చినారు. సవర బాలురకు సవరలోనే చదువు చెప్పే బడులు సొంత సొమ్ముతో పెట్టినారు.

అట్టివారికి తెలుగు బాలుని గతి వింతగా తోచక మానదు. ఇంట 'వస్తున్నాను' అనే పిల్లవాడు బడిలో 'వచ్చుచున్నాను' అని వ్రాయవలెను, లేనిచో తప్పు. ఎందుకు తప్పో వాడు అడుగడు, గురువు చెప్పడు. తన ఆలోచనను తెలిసిన మాటలో చెప్ప వీలులేనివానికి మిగిలేది వల్లెవేతయే. పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొర ఇదే సందేహము లేవదీయగా, గురజాడవారు, గిడుగువారు ఆయనతో ఏకీభవించినారు.

పంతులుగారు వాదము నడపిన తీరు ఉపాధ్యాయులు గమనింపదగినది. నియమము చెప్పినవారిని ఆధారమడిగేవారు. పూర్వ గ్రంథములు, శాసనములు వెదకి ప్రయోగములు ప్రోగుచేసినారు. గ్రాంథికమే వ్రాయవలెనన్న పండితుల రచనలలోనే ఆ నియమములు ఎక్కడెక్కడ తప్పినవో చూపినారు. కొంత కటువుగానే చూపినారనవలెను. బాలకవిశరణ్యము, గద్యచింతామణి ఆ శ్రమకు ఫలములు.

ఎదుటి పక్షమువారు అల్పులు కారు. ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపకులు జయంతి రామయ్య పంతులుగారు కోనసీమలోని ముక్తేశ్వరమున పుట్టినవారు. వాడుకను అంగీకరించినచో ఏ సీమవాడు ఆ సీమ మాట వ్రాయగా భాష ముక్కలగునని ఆ పక్షమువారి భయము. అది నవ్వి త్రోసివేయదగినది కాదు. వారి ప్రతిఘటన ఫలితముగా, స్కూలు ఫైనలు వ్యాసరచనలో వాడుక భాషకిచ్చిన అనుమతిని ప్రభుత్వము ఉపసంహరించుకొన్నది. గిడుగువారు వెనుదీయక 1919లో 'తెలుగు' అను మాసపత్రిక నెలకొల్పినారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలసేపు ప్రసంగించి ప్రతిపక్షులచేత తమ వాదములోని న్యాయమును ఒప్పించినారు.

1931లో వారి సవర వ్యాకరణము అచ్చయినది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరు విడిచి, డెబ్బదిరెండేండ్ల వయసున రాజమహేంద్రవరము చేరినారు. 1940 జనవరి 22న కన్ను మూసినారు. బడిపిల్లల వాచకములు వాడుక భాషకు మరలుటను వారు కన్నులార చూడలేదు.