చర్చిల్ నోట్లో చుట్ట ఏది? హవానాదా.. మన గోదావరి లంకలదా?

నల్ల కోటు, తలపై టోపీ, రెండు వేళ్లతో విజయ సంకేతం, నోట్లో లావాటి చుట్ట. బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ అనగానే కళ్ల ముందు మెదిలే బొమ్మ ఇదే. ఆ చుట్ట ఎక్కడిది అని అడిగితే మాత్రం గోదావరి జిల్లాల్లో ఒక సమాధానం ఠక్కున వస్తుంది. మా లంక పొగాకే, ఇంకేంటి అంటారు. తిరుచ్చి వెళ్తే అక్కడివాళ్లు మా ఊళ్లో చుట్టినదే అంటారు. క్యూబాలో అడగక్కర్లేదు. అక్కడ చుట్ట సైజుకే ఆయన పేరు పెట్టేశారు.

ఇంతకీ ఎవరి మాట నిజం? ఆ సంగతి తేలాలంటే ఆయన జీవితాన్ని కాస్త వెనక్కి తిప్పి చూడాలి.

చర్చిల్ 1874 నవంబర్ 30న పుట్టారు. పొగ అలవాటు మాత్రం చుట్టతో మొదలు కాలేదు, హారో స్కూల్లో చదివేటప్పుడు సిగరెట్లతో మొదలైంది. అప్పటికి ఆయనకు నిండా పదహారేళ్లు లేవు. విషయం తెలిసి తల్లి జెన్నీ ఒక ఆశ చూపించింది. కనీసం ఆరు నెలలు మానేస్తే నాన్నతో చెప్పి ఒక తుపాకీ, ఒక గుర్రప్పిల్ల ఇప్పిస్తానంది. ఇప్పటి అమ్మలు ఫోన్ కొనిస్తామని ఆశపెట్టినట్టు అన్నమాట. ఆ అలవాటు ఎంతవరకు ఆగిందో తర్వాతి డెబ్భై ఐదేళ్లు చూస్తే తెలిసిపోతుంది.

చుట్టతో అసలు బంధం 1895లో కుదిరింది. అప్పుడు క్యూబా స్పెయిన్ చేతిలో ఉంది. స్వాతంత్ర్యం కోసం అక్కడ తిరుగుబాటు నడుస్తోంది. సైన్యంలో కొత్తగా చేరిన కుర్ర అధికారి చర్చిల్, తోటి అధికారి రెజినాల్డ్ బార్న్స్‌ను వెంటేసుకుని యుద్ధం చూడ్డానికి హవానాలో దిగారు. పత్రికకు వార్తలు రాస్తే ఖర్చులకు డబ్బులొస్తాయి, పనిలో పనిగా పేరూ వస్తుంది. స్పెయిన్ సైన్యంతో కలిసి అడవుల్లో నడిచారు. సరిగ్గా 21 ఏళ్లు నిండిన రోజుల్లోనే మొదటిసారి తుపాకీ గుళ్ల శబ్దం దగ్గర్నుంచి విన్నారు. తిరిగి ఓడెక్కేటప్పటికి రెండు అలవాట్లు ఆయన వెంట వచ్చేశాయి. ఒకటి మధ్యాహ్నం కునుకు, రెండోది హవానా చుట్ట. రెండూ చివరిదాకా వదల్లేదు.

ఇక మన దేశం సంగతి. 1896లో ఫోర్త్ హుస్సార్స్ రెజిమెంట్‌తో పాటు ఆయన బెంగళూరు వచ్చారు. పొద్దున పరేడ్, సాయంత్రం పోలో, మధ్యలో గులాబీ మొక్కలు, సీతాకోకచిలుకలు, సంచుల కొద్దీ పుస్తకాలు. అదే ఏడాది నవంబర్‌లో పోలో ఆడటానికి హైదరాబాద్ కూడా వచ్చారు. వాళ్ల జట్టు గోల్కొండ కప్పు గెలిచింది. సికింద్రాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్ కూతురు పమేలా ప్లౌడెన్‌తో పరిచయమైంది, ఇద్దరూ ఏనుగెక్కి హైదరాబాద్ వీధులు చూశారు. చర్చిల్ మొదటి ప్రేమ కథ మొదలైంది ఇక్కడే, మన గడ్డ మీదే. అది పెళ్లిదాకా వెళ్లలేదనుకోండి.

లంక పొగాకు కథకు మూలం కూడా ఈ రోజులే. అప్పట్లో దక్షిణాదిలో ఉన్న తెల్ల అధికారులు ఎక్కువగా కాల్చింది తిరుచ్చి చుట్టలే. వాటి పేరు లండన్ దాకా పాకింది. షెర్లాక్ హోమ్స్ తొలి నవలలో బూడిద చూసి అది తిరుచ్చి చుట్టదని డిటెక్టివ్ కనిపెడతాడు. ఆ పుస్తకం 1887 నాటిది. దిండిగల్ వైపు పొగాకుతో పాటు మన గోదావరి లంకల ఆకు కూడా ఆ చుట్టల్లోకి వెళ్లేది. వరద తీశాక మిగిలిన ఒండ్రు మీద పండే ఆకు అది. ముదురు రంగు, మంచి ఘాటు. మన దగ్గర చుట్ట అంటే ఎంత మోజంటే, చర్చిల్ బెంగళూరులో ఉన్న 1897లోనే అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశం శిష్యుడికి చుట్ట మహత్యం బోధిస్తూ కనిపిస్తాడు.

కాబట్టి కుర్ర చర్చిల్ చేతికి తిరుచ్చి చుట్ట దొరకడం పెద్ద వింతేమీ కాదు. అందులో లంక ఆకు ఉండొచ్చు కూడా. కానీ చేతికి దొరికింది కాల్చడం వేరు, ఏరి కోరి డబ్బు పెట్టి కొనుక్కోవడం వేరు. ఇష్టమైనది ఏదో తేల్చాలంటే కొట్టు ఖాతా చూడాలి కదా.

ఆ ఖాతా ఉంది. లండన్‌లో సెయింట్ జేమ్స్ స్ట్రీట్, 19వ నంబర్. రాబర్ట్ లూయిస్ అనే పొగాకు వ్యాపారి కొట్టు. 1900 ఆగస్టు 9న పాతికేళ్ల చర్చిల్ అక్కడ మొదటిసారి ఖాతా తెరిచారు. ఆ రోజు కొన్నది చిన్న సైజు హవానా చుట్టలు, వాటితో పాటు సిగరెట్లు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆయన పేరు ఆ పద్దుల్లో నడుస్తూనే ఉంది. ఆయన కూర్చున్న కుర్చీని ఇప్పటికీ ఆ కొట్లో చూపిస్తారు. ఆయన దగ్గర ఎక్కువగా కనిపించిన బ్రాండ్లు రెండు. రోమియో వై జూలియెటా, లా అరోమా డి క్యూబా. రెండూ హవానావే.

బాకీల విషయంలో మాత్రం మన యువ సైనికుడిది కాస్త తేడా లెక్క. బెంగళూరు క్లబ్‌లో ఆయన కట్టకుండా వెళ్లిపోయిన 13 రూపాయల పద్దు ఇవాళ్టికీ పుస్తకంలో ఉంది. రాదని తేల్చుకుని 1899లో క్లబ్బువాళ్లే కొట్టేశారు. జీవితమంతా ఆయన ఖర్చు ఆదాయం కంటే ఒక అడుగు ముందే ఉండేది. 1926లో దేశానికి ఆర్థిక మంత్రిగా ఉంటూనే సొంత ఇంటి ఖర్చు తగ్గించుకోవడానికి ఒక పొదుపు పట్టిక రాసుకున్నారు. అందులో చుట్టల మీద కూడా కోత పడింది. రోజుకు నాలుగే. అతిథుల కోసం బల్ల మీద పెట్టడం బంద్. దేశం బడ్జెట్ ఏమోగానీ ఈ బడ్జెట్ మాత్రం నిలబడలేదు. తర్వాతి రోజుల్లో రోజుకు ఎనిమిది నుంచి పది దాకా నడిచేవని దగ్గరివాళ్లు చెప్పారు. రెండు రోజుల్లో యజమాని కాల్చే చుట్టల ఖరీదు తన వారం జీతంతో సమానమని ఆయన దగ్గర పనిచేసిన సేవకుడొకరు లెక్కగట్టాడు.

కాల్చే పద్ధతీ వేరే. పొగ లోపలికి పీల్చేవారు కాదు. కొన కత్తిరించడానికి కట్టర్ వాడేవారు కాదు, పొడవాటి అగ్గిపుల్లతో కన్నం పొడిచేవారు. నోట్లో నానకుండా చుట్ట చివర గోధుమరంగు కాగితం చుట్టేవారు. సగం సమయం అది ఆరిపోయే ఉండేది, ఆయన నమిలేవారు. చార్ట్‌వెల్ ఇంట్లో చదువుకునే గది పక్కనే మూడు, నాలుగు వేల చుట్టల నిల్వ. అందులో ఎక్కువ భాగం క్యూబావే. మిగిలిన పీకలు తోటమాలి పైపులోకి వెళ్లేవి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి చుట్ట ఆయన గుర్తింపు కార్డు అయిపోయింది. 1941లో క్యూబా నుంచి బీరువా నిండా హవానా చుట్టలు కానుకగా వచ్చాయి. శత్రువులు విషం కలిపి ఉంటారేమోనని భద్రతా విభాగానికి భయం. విక్టర్ రోత్‌షీల్డ్ అనే అధికారి కొన్ని తీసి పరీక్షలు చేయించారు. ఈలోపు చర్చిల్ సెప్టెంబర్‌లో ఒక రాత్రి మంత్రులకు అవే చుట్టలు పంచేశారు. వీటిలో విషం ఉన్నా ఉండొచ్చని నవ్వుతూ చెప్పి మరీ పంచారట.

అదే ఏడాది డిసెంబర్ 30న కెనడా రాజధాని ఒట్టావాలో ఇంకో ముచ్చట. ఫొటోగ్రాఫర్ యూసఫ్ కార్ష్ చుట్ట పక్కన పెట్టమని కోరినా ఆయన వినలేదు. కార్ష్ దగ్గరికెళ్లి మర్యాదగానే నోట్లోంచి లాగేశాడు. ఆ క్షణంలో చర్చిల్ ముఖంలో వచ్చిన కోపమే ప్రపంచ ప్రఖ్యాత ఫొటో అయింది. హిట్లర్‌ను ఎదిరించిన సింహం అని లోకం మెచ్చుకున్న ఆ చూపు, నిజానికి చుట్ట పోయిన మనిషి చూపు.

ఈ కథ ఇంత సరదాగా చెప్పుకుంటున్నాం గానీ, 1943 దగ్గర ఆగాలి. ఆ ఏడాది బెంగాల్ కరువులో దాదాపు 30 లక్షల మంది చనిపోయారు. ధాన్యం ఓడలు పంపండని భారత వ్యవహారాల మంత్రి లియో అమెరీ, వైస్రాయ్ వేవెల్ మళ్లీ మళ్లీ అడిగారు. చర్చిల్ మంత్రివర్గం అడిగినదాంట్లో కొంతే ఇచ్చింది, చాలాసార్లు కాదంది. యుద్ధానికి ఓడలు చాలక అలా జరిగిందని కొందరు చరిత్రకారులు, భారతీయులంటే ఆయనకున్న చులకనే కారణమని మరికొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. భారతీయుల గురించి ఆయన ఎంత చులకనగా మాట్లాడేవారో అమెరీ తన డైరీల్లోనే రాసిపెట్టుకున్నారు. మన లంక పొగాకు చర్చిల్ కాల్చాడట అని మురిసిపోయే ముందు ఇది కూడా గుర్తుండాలి. లంక రైతు ఆకు గొప్పదే. ఆ గొప్పకు ఈయన సర్టిఫికెట్ అక్కర్లేదు.

యుద్ధం గెలిచిన ఏడాదే, 1945లో ఎన్నికల్లో ఓడిపోయారు. 1946 ఫిబ్రవరిలో అమెరికా పర్యటన మధ్యలో మళ్లీ క్యూబా వెళ్లారు. యాభై ఏళ్ల కిందట తుపాకీ పట్టుకుని దిగిన కుర్రాడు ఈసారి ప్రపంచమంతా ఎరిగిన పెద్దమనిషి. ఆయన గౌరవార్థం రోమియో వై జూలియెటా ఒక పెద్ద చుట్టకు చర్చిల్ అని పేరు పెట్టింది. ఏడు అంగుళాల పొడవు, ముప్పావు అంగుళానికి కాస్త తక్కువ లావు. ఇప్పుడు ఏ కంపెనీ ఆ సైజు చుట్టినా చర్చిల్ అనే పిలుస్తారు.

చర్చిల్ 1965 జనవరి 24న, తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంతగా కాల్చి కూడా తొంభై బతికాడుగా అనేవాళ్లు ఉంటారు. 1949 నుంచి వరసగా వచ్చిన పక్షవాతపు పోట్లను, చివరి ఏళ్లలో మాట కూడా సరిగా రాని ఆ మనిషిని వాళ్లు లెక్కలో వేసుకోరు.

ఇక తీర్పు. ఆయనకు ఇష్టమైనది హవానా చుట్ట, అందులోనూ ముందు వరసలో రోమియో వై జూలియెటా. కొట్టు పద్దులు, ఇంటి నిల్వ, వచ్చిన కానుకలు అన్నీ క్యూబా వైపే చూపిస్తున్నాయి. తిరుచ్చి చుట్ట, దాంట్లోని లంక ఆకు బెంగళూరు రోజుల వరకే సరి.

బ్రాండ్ విషయంలో మాత్రం ఒక చిన్న మెలిక ఉంది. 1947 మే 11న పారిస్ విమానాశ్రయంలో ఆయన సగం కాల్చి వదిలేసిన చుట్టను ఒక వైమానిక ఉద్యోగి దాచిపెట్టుకున్నాడు. 2017లో అమెరికాలో అది వేలానికి వచ్చి 12 వేల డాలర్లకు పైగా పలికింది. దాని చుట్టూ ఉన్న కాగితపు పట్టీ మీద చర్చిల్ పేరు అచ్చయి ఉంది. పక్కన ఉన్న బ్రాండ్ పేరు మాత్రం రోమియో కాదు, లా కొరోనా. అదీ క్యూబాదే.